నూటికి ఎనిమిది

పాకాల దాటినాక కుడిచేతి పక్క గువ్వలగుట్ట.
కాగితం మింద నేను గీసింది తిన్నటి గీత,
అడుగు నుంచి నెత్తి దాకా
పాపిట తీసినట్టు.

మొగిలెప్ప మ్యాపును తిప్పి తిప్పి చూసినాడు,
ముప్పై ఏండ్లు ఆ గుట్ట మింద మేకలు తోలినోడు.
"ఇది మనుషులు పొయ్యే దోవ కాద్సార్,
నీళ్ళు దిగే దోవ.
ముందు నీళ్ళనడుగు, యాడ పోతాయో.
మిగిలిందే మనది."

నేనడగలేదు.
మార్చి లోపల బిల్లు పెట్టాల.

ఊళ్ళో మాత్రం ఒకటే ప్రశ్న: పైన ఏముంది?
తిరపతికి ఇంత దగ్గిర్లో
దేవుడు లేని కొండ ఎక్కడమేంది?
మెట్టు మెట్టుకూ పసుపు పూసిన చేతులు
ఉత్త గాలి కోసం గడ్డపార పడతాయా?
సర్పంచు మరిది ఉపాయం చెప్పినాడు:
పైన చిన్న గుడి, కింద పెద్ద ఆర్చీ,
ఆర్చీ మింద వాళ్ళ వదిన ఫోటో.

అక్టోబరులో వాయుగుండం. మూడు రాత్రులు.
నా పాపిట చీలి మోకాటిలోతు కాలవైంది.
కంకరంతా దిగొచ్చి
బడి గోడకు ఆనుకోని నిలబడింది
సంజాయిషీ ఇచ్చుకోను వచ్చినట్టు.

మళ్ళా మొదలు.
ఈసారి వాన కురస్తా ఉండంగానే ఎక్కినాం.
నీళ్ళు దిగిన చోటల్లా ఎర్ర పేలిక కట్టినాం,
పాత చీర చించిచ్చింది వల్లెమ్మ.
పేలికలు లేని చోటు వెతుక్కుంటా
గుట్ట నడుం చుట్టూ ఏటవాలుగా పోయింది బాట.

నూరడుగులు నడిస్తే ఎనిమిదడుగులు ఎక్కాల.
నా దగ్గర దానికొక పరికరముంది.
వల్లెమ్మ దగ్గర నిండు బిందె.
నెత్తిన పెట్టుకోని నడస్తది.
తొణికితే నిటారు,
తొణక్కపోతే దోవ.
రెండు లెక్కలూ కలవని చోట
పరికరాన్ని సంచిలో పెట్టేసినా.

బయటి అంచు రెండేళ్ళు పల్లం,
చేట వంచి చెరిగినట్టు.
నీళ్ళు బాటను అడ్డంగా దాటిపోవాల.
మనతో పాటు నడిచినాయా
బాటను తినేసే పోతాయి.
ఎర్రచందనం చెట్టు కాడ మాత్రం
ఎనిమిది బారలు దూరం జరిగినాం.
దానికుండే కేసులు మాకొద్దు.

ఐదు మలుపులు.
మూడోదాని కాడ కుర్రోళ్ళు అడ్డంగా దూకి
కొత్త గీత తొక్కినారు.
బోర్డు పెడితే బోర్డు పీకినారు.
మొగిలెప్ప ఒక్క తిట్టు తిట్లేదు.
దూకే చోట కలే ముళ్ళకంప పరిచినాడు,
మలుపులో చదును బండొకటి దొర్లించి పెట్టినాడు.
"ముల్లొకటే పెడితే దాటతారు సార్.
కూర్చునే దానికి చోటు గూడా ఇయ్యాల."

ఇప్పుడు తెల్లారి నాలుగున్నరకు
గుట్ట మింద సెల్‌ఫోన్ లైట్లు,
కానిస్టేబులు సెలక్షన్లకు పరిగెత్తే ఆడపిల్లలు ఆరుమంది.
వాళ్ళు దిగేటప్పుడు ఎక్కతాడు
షుగరు పట్టిన రిటైర్డు కండక్టరు.
మలుపు మలుపు కాడా నిలబడి
"దిగాల్సినోళ్ళు దిగండి" అంటాడు,
ఎనక ఎవురూ లేకపోయినా.
పైన ఏముందని ఆయన్ను అడిగితే
"పైదాకా ఇంకా పోలేదబ్బా" అన్నాడు.

బిల్లు వచ్చి రెండేండ్లయింది.
బాట మాత్రం అయిపోలేదు.
రిజిస్టరులో నిన్నటి పేజీ:
నాలుగో మలుపు కాడ కాలవ పూడింది.
గడ్డపార వల్లెమ్మింట్లో.
తట్టలు రెండు, ఒకటి చిల్లు.
మొగిలెప్ప రాలేదు, మేక ఈనింది.

నాగరాలపక్క మబ్బు దిగతా ఉండాది.
బిందె నింపుకోని నేనే బయల్దేరినా.
రెండో మలుపు దాకా వచ్చినా.
చొక్కా తడిసింది,
వానకు కాదు.